బోర్డు తిప్పేయరని గ్యారంటీ ఏంటి? టోకెన్ లాంచ్ చేయబోయేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల సొంత క్రిప్టో టోకెన్ (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్) పెట్టాలనుకునేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఇప్పటిదాకా రెండు ప్రాజెక్టుల్లో కమ్యూనిటీ పని చూశాను. ఒకటి ఇంకా నడుస్తోంది, ఒకటి మూసేశాం. ఇరానీ చాయ్ మీద చెప్పిందే చెప్పీ చెప్పీ అలసిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇందులో ఎక్కువ భాగం మూసేసిన ప్రాజెక్టు నేర్పిందే.

మా కోడ్ బాగుంది, ఐడియా బాగుంది. నమ్మకం దానంతట అదే రాదా?

రాదు. హైదరాబాద్‌లో అస్సలు రాదు. ఈ ఊళ్ళో నాలుగు డబ్బులు వెనకేసుకున్న ఏ ఇంటికి వెళ్ళినా ఏదో ఒక దెబ్బ గురించి చెబుతారు. పక్కింటి ఆంటీ నడిపిన చీటీ మధ్యలో ఆగిపోయి ఉంటుంది. లేదంటే "ప్రీ-లాంచ్ ఆఫర్, సగం రేటుకే ఫ్లాట్" అన్న బిల్డర్ ఆఫీసుకి తాళం పడి ఉంటుంది. మీరు "ప్రీ-సేల్‌లో చవక, లాంచ్ తర్వాత రేటు పెరుగుతుంది" అనగానే వాళ్ళకి ఆ బిల్డర్ గొంతే వినిపిస్తుంది.

అదే జనం రిజిస్టర్డ్ చీటీల్లో ఏళ్ళ తరబడి డబ్బు కడుతున్నారు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టే ముందే అనుమతి తీసుకోవాలి. చీటీ నడిపే ఫోర్‌మన్ దాని విలువకి సరిపడా సెక్యూరిటీ కట్టాలి. అతని కమిషన్‌కి కూడా హద్దు ఉంది, 2019 సవరణ తర్వాత అది 7 శాతం. ఫోర్‌మన్ పారిపోతే ముందు నష్టపోయేది అతనే అయ్యేలా ఏర్పాటు చేశారు. ఇళ్ళ సంగతికి వస్తే, 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కాకముందు బుకింగ్ తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు.

టోకెన్‌కి మన దేశంలో అలాంటి రిజిస్ట్రార్ లేరు, రెరా నంబరూ లేదు. కాబట్టి ఆ సెక్యూరిటీ ఏదో మీకు మీరే కట్టుకోవాలి. బోర్డు తిప్పేయడానికి మీకున్న దారులు ఒక్కొక్కటీ మూసెయ్యండి. మూసేసినట్టు బయటివాళ్ళు స్వయంగా చెక్ చేసుకునేలా చూపించండి. కింద చెప్పేదంతా దీని చుట్టూ తిరిగేదే.

బిట్‌కాయిన్ సృష్టించిన సతోషి ఎవరో ఇప్పటికీ తెలియదు. అయినా బిట్‌కాయిన్‌ని నమ్మారు. మేం పేర్లు ఎందుకు బయటపెట్టాలి?

సతోషి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. 2008 అక్టోబర్ 31న తొమ్మిది పేజీల పేపర్ పంపించాడు, 2009 జనవరి 3న మొదటి బ్లాక్ పడింది. ప్రీ-సేల్ లేదు, టీమ్ వాటా లేదు. కాయిన్లు కావాలంటే ఎవరైనా సొంత కంప్యూటర్ పెట్టి మైన్ చేసుకోవలసిందే, అంటే దానితో లెక్కలు చేయించి సంపాదించుకోవలసిందే. మీరూ అలాగే చేస్తానంటే ముసుగు వేసుకోండి, ఎవరూ అడగరు.

మీరు ముందే డబ్బు తీసుకుంటున్నారు కదా! తీసుకునే చేతికి ఒక ముఖం ఉండాలి. పేరు, ఫోటో, ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు, కంపెనీ రిజిస్టర్ అయితే ఏ పేరుతో అయింది, డైరెక్టర్లు ఎవరు, ఇవన్నీ చెప్పండి. ఇంటి అడ్రస్, ఆధార్ నంబర్ ఎవరికీ చూపించక్కర్లేదు. అలా చూపించమని గ్రూప్‌లో ఎవరైనా గొడవ చేస్తే మర్యాదగా కుదరదని చెప్పండి.

ముఖం కనిపించినంత మాత్రాన సరిపోదు. వన్‌కాయిన్ అనే మోసపు కాయిన్ పెట్టిన రుజా ఇగ్నతోవా పెద్ద పెద్ద స్టేజీలెక్కి మాట్లాడింది, పేరు కూడా దాచుకోలేదు. 2017లో మాయమైంది.

టీమ్ ఎన్ని టోకెన్లు ఉంచుకోవచ్చు? జనం దేనికి అభ్యంతరం చెబుతారు?

ఎంత శాతం అన్నదాని కన్నా ఎప్పుడు అమ్ముకోగలరన్నదే జనానికి టెన్షన్. ఎందుకో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. ఇది నా సొంత ఉదాహరణ, ఏ ప్రాజెక్టుదీ కాదు.

మొత్తం టోకెన్లు 100 కోట్లు అనుకుందాం. లాంచ్ రోజు మీరు ఒక లిక్విడిటీ పూల్ పెట్టారు, అంటే ఎవరైనా వచ్చి టోకెన్ కొనడానికి, అమ్మడానికి ఉంచిన ఉమ్మడి నిధి. అందులో ఒకవైపు 10 లక్షల టోకెన్లు, ఇంకోవైపు 20 లక్షల రూపాయల విలువైన స్టేబుల్‌కాయిన్ (డాలర్ లాంటి కరెన్సీకి కట్టేసి, ధర నిలకడగా ఉండేలా చేసిన కాయిన్). అంటే ఒక టోకెన్ ధర 2 రూపాయలు. వెంటనే ఎవరో "ప్రాజెక్టు విలువ 200 కోట్లు" అని పోస్టర్ చేయిస్తారు. లెక్క ప్రకారం అబద్ధం కాదు కూడా.

ఇప్పుడు టీమ్‌లో ఒకరు 10 లక్షల టోకెన్లు పూల్‌లో అమ్మారనుకోండి. మొత్తంలో అది వెయ్యో వంతు. చాలా పూల్స్‌లో రెండు వైపుల అంకెల్ని గుణిస్తే వచ్చేది మారకూడదన్న సూత్రం ఉంటుంది. టోకెన్లు 20 లక్షలు అయ్యాయి కాబట్టి అటువైపు 10 లక్షల రూపాయలే మిగలాలి. అమ్మినాయన 10 లక్షలు పట్టుకుపోయాడు, ధర 50 పైసలకి పడింది. వెయ్యో వంతు అమ్మితేనే ధర నాలుగో వంతుకి వచ్చింది. 200 కోట్ల పోస్టర్ మాత్రం అలాగే ఉంది.

ఈ లెక్క మీ కమ్యూనిటీలో కనీసం ఒకరికి తెలిసే ఉంటుంది. అందుకే టీమ్ టోకెన్లు తాళంలో పెట్టాలి. మాటల్లో కాదు, కాంట్రాక్ట్‌లో, అంటే బ్లాక్‌చెయిన్ మీద దానంతట అదే నడిచే కోడ్‌లో. ఉదాహరణకి టీమ్ వాటా 15 కోట్ల టోకెన్లు, మొదటి ఏడాది ఒక్కటీ చేతికి రాదు, తర్వాత 36 నెలల పాటు నెలకి సుమారు 41.7 లక్షలు విడుదలవుతాయి. ఆ కాంట్రాక్ట్ అడ్రస్ అందరికీ ఇవ్వండి, ఏ నెల ఎంత బయటికి వచ్చిందో ఎవరైనా చూసుకుంటారు. లిక్విడిటీకి కూడా ఇదే వర్తిస్తుంది. పూల్‌లో పెట్టిన సొమ్ము రాత్రికి రాత్రి వెనక్కి తీసుకునే వీలుంటే మిగతా తాళాలన్నీ షో మాత్రమే.

చిన్న కక్కుర్తి కూడా పనికిరాదు. బావమరిది పేరున, కాలేజీ ఫ్రెండ్ పేరున వాలెట్లు పెట్టి ప్రీ-సేల్‌లో మీరే కొనడం చాలామంది చేస్తారు. ఏ వాలెట్‌లో గ్యాస్ ఫీజు (లావాదేవీకి నెట్‌వర్క్ తీసుకునే రుసుము) కోసం ముందు ఎవరు డబ్బు వేశారో వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే దొరికిపోతారు. అమీర్‌పేట్‌లో మూడు నెలల కోర్సు చేసిన పిల్లాడు కూడా ఆ పని అరగంటలో చేస్తాడు.

వైట్‌పేపర్‌లో (ప్రాజెక్టు గురించి వివరంగా చెప్పే పత్రంలో) ఏం రాయాలి?

ఏం చేస్తారో, టోకెన్ లేకుండా అదే పని ఎందుకు కుదరదో, డబ్బు దేనికి ఎంత ఖర్చు పెడతారో, ఏ కారణాల వల్ల ఇదంతా ఫెయిల్ కావచ్చో రాయండి. రెండో దానికి జవాబు దొరకకపోతే టోకెన్ మానేసి మామూలు యాప్ పెట్టుకోండి. తెలుగులో కూడా ఒక చిన్న వెర్షన్ ఉంచండి, మెషీన్‌తో అనువాదం చేయించకుండా.

ఆడిట్ చేయించాం. ఇక అందరూ నమ్ముతారు కదా?

ఆడిట్ అంటే ఫలానా తేదీన, ఫలానా కోడ్‌ని, ఫలానావాళ్ళు చదివారని మాత్రమే. ఆయిలర్ ఫైనాన్స్ అన్న ప్రాజెక్టుకి ఒకటి కాదు, చాలా ఆడిట్లు ఉన్నాయి. 2023 మార్చిలో హ్యాక్ అయి సుమారు 19.7 కోట్ల డాలర్లు పోయాయి. తర్వాత చేర్చిన ఒక ఫంక్షన్‌లో లోపం ఉండిపోయింది. ఆ దొంగ చాలా భాగం తిరిగి ఇచ్చేశాడు, అది వాళ్ళ అదృష్టం.

రిపోర్ట్ మొత్తం పెట్టండి, లోగో ఒక్కటే పెట్టకండి. ఆడిటర్ చెప్పినవాటిలో ఏవి సరిచేశారు, ఏవి చేయలేదు, ఎందుకు చేయలేదు అన్నది మీ మాటల్లో రాయండి. ఆడిట్ అయిన కోడ్, చెయిన్ మీద ఉన్న కోడ్ ఒకటేనని తేలేలా ఎక్స్‌ప్లోరర్‌లో (చెయిన్ మీద ఉన్నది అందరూ చూసుకునే వెబ్‌సైట్‌లో) వెరిఫై చేయండి. కాంట్రాక్ట్‌ని తర్వాత మార్చే వీలు పెట్టుకున్నారా? పెట్టుకుంటే ఆ మాట మొదటి పేజీలోనే చెప్పాలి. మార్చగలిగే కోడ్ మీద చేసిన ఆడిట్, రేపు గోడలు మార్చబోయే ఇంటికి ఈరోజు చూసిన వాస్తు లాంటిది. కొత్త టోకెన్లు ముద్రించే అధికారం మీ దగ్గరే ఉందా అన్నది ఇంకా ముఖ్యం. అది ఉంటే 100 కోట్లు అన్న అంకెకి అర్థమే లేదు.

ఆడిట్ ఫీజు భారంగా ఉంటే ముందు టెస్ట్‌నెట్‌లో (అసలు డబ్బు లేని ప్రయోగ నెట్‌వర్క్‌లో) రెండు మూడు నెలలు నడపండి. లోపం పట్టినవాళ్ళకి బహుమతి ప్రకటించి, నిజంగా ఇవ్వండి. మేం ఒక డిగ్రీ స్టూడెంట్‌కి ఇరవై వేలు ఇచ్చాం. అతను పట్టింది పెద్ద లోపమేం కాదు. కానీ డబ్బు ఆ రోజే పంపడం చూసి గ్రూప్‌లో కోడ్ చదివేవాళ్ళు పెరిగారు.

ట్రెజరీ (ప్రాజెక్టు ఖజానా) డబ్బు తాళం ఎవరి దగ్గర ఉండాలి?

ఏ ఊరి గుడిలోనూ హుండీ తాళం ఒక్కరి చేతికే వదిలెయ్యరు. పదిమంది ముందు తెరిచి లెక్కపెడతారు. మల్టీసిగ్ వాలెట్ అంటే అదే. ఐదుగురు సంతకందారుల్లో ముగ్గురు ఒప్పుకుంటేనే డబ్బు కదులుతుంది.

చాలామంది దీన్ని పేరుకే పెడతారు. ఐదు తాళాలూ ఒకే ఆఫీసులో, ఒక్కోసారి ఒకే లాప్‌టాప్‌లో! 2022 మార్చిలో, ఒక చెయిన్ నుంచి ఇంకో చెయిన్‌కి క్రిప్టో పంపే రోనిన్ బ్రిడ్జ్ నుంచి 60 కోట్ల డాలర్లకి పైగా పోయాయి. అక్కడ తొమ్మిది మందిలో ఐదుగురు ఒప్పుకోవాలన్న నియమం ఉంది. ఆ తొమ్మిదిలో నాలుగు ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఐదో దాని తరఫున సంతకం పెట్టే అనుమతి ఎప్పుడో తాత్కాలికంగా తీసుకుని, తర్వాత రద్దు చేయడం మర్చిపోయారు. దొంగకి ఆ ఒక్క ఇల్లు చాలింది. డబ్బు పోయిందని ఆరు రోజుల దాకా ఎవరూ గమనించలేదు కూడా.

కాబట్టి సంతకందారుల్లో కనీసం ఇద్దరు మీ జీతం తీసుకోనివాళ్ళు ఉండాలి. వీలైతే ఇంకో ఊళ్ళో ఉండాలి. ఏ మార్పైనా అమలు కావడానికి 48 గంటల టైమ్‌లాక్ పెట్టండి. మీరు చేయబోయేది నచ్చనివాళ్ళు తమ డబ్బు తీసుకుని వెళ్ళిపోవడానికి ఆ రెండు రోజులు పనికొస్తాయి. గేటు తెరిచే ఉందని తెలిస్తే జనం తొందరపడి వెళ్ళరని నా అనుభవం.

"ప్రభుత్వ గుర్తింపు ఉంది" అని చెప్పుకోవచ్చా? కంపెనీ రిజిస్టర్ అయింది, జీఎస్టీ నంబర్ కూడా ఉంది.

చెప్పకూడదు. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబర్ టిఫిన్ సెంటర్‌కి కూడా ఉంటాయి. మీ టోకెన్ మంచిదని ఎవరో పరిశీలించి ఇచ్చిన సర్టిఫికెట్లు కావవి. టీ-హబ్‌లో (ప్రభుత్వ స్టార్టప్ కేంద్రంలో) దిగిన ఫోటో కూడా అంతే. తెలంగాణ ప్రభుత్వం బ్లాక్‌చెయిన్ టెక్నాలజీని ప్రోత్సహిస్తుంది, చీటీల పర్యవేక్షణకి టీ-చిట్స్ అని బ్లాక్‌చెయిన్ వ్యవస్థే తెచ్చింది. టెక్నాలజీని మెచ్చుకోవడం వేరు, మీ కాయిన్‌కి హామీ ఉండటం వేరు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పేవాళ్ళ వల్లే మిగతావాళ్ళకి చెడ్డపేరు.

ఉన్నది ఉన్నట్టు చెబితే ఇలా ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో లావాదేవీలకి బ్యాంకులు సేవలందించకూడదని సర్క్యులర్ ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 నుంచి లాభాల మీద 30 శాతం పన్ను ఉంది. 2023 మార్చి నుంచి ఎక్స్‌ఛేంజీల (క్రిప్టో కొని అమ్ముకునే వేదికల) వంటి సేవలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి, వాళ్ళు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు చేసుకోవాలి. పన్ను వేస్తున్నారు కాబట్టి ఆమోదించినట్టే అని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ మాట పట్టుకోకండి. మీరు చేసే పని ఆ నమోదు కిందికి వస్తుందో లేదో లాంచ్‌కి ముందే లాయర్‌ని అడగండి.

లాభం సంగతి చెప్పకపోతే జనం ఎందుకు వస్తారు? కనీసం "నెలకి ఇంత" అని ఆశ చూపించాలి కదా?

గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీము కూడా నెలకి 10 శాతం, 18 నెలల పాటు అని చెప్పింది. అలాంటిదే బిట్‌కనెక్ట్ అనే ఇంకో దుకాణం 2018 జనవరిలో మూతపడింది. రెండింటిలోనూ మనవాళ్ళు చాలా పోగొట్టుకున్నారు. చట్టం కోణంలో చూసినా ఇది నిప్పుతో చెలగాటమే. ఇంత తిరిగి ఇస్తామని డబ్బు తీసుకుంటే 2019 నాటి అనధికార డిపాజిట్ పథకాల నిషేధ చట్టం మెడకి చుట్టుకోవచ్చు. "ఇద్దరిని చేర్పించండి, బోనస్ తీసుకోండి" అంటే 1978 నాటి మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ఉండనే ఉంది.

లాభం మాట ఎత్తకపోతే తక్కువమంది వస్తారు, నిజమే. మా మొదటి ప్రాజెక్టుకి ఆరు నెలల్లో వచ్చింది నాలుగొందల మంది. వాళ్ళు వచ్చింది ఆ టూల్ వాడుకోవడానికి. రేటు పడిన రోజు కూడా వాడుకున్నారు.

యూట్యూబర్లతో ప్రమోషన్ చేయించొచ్చా?

చేయించొచ్చు, డబ్బు ఇచ్చామని స్పష్టంగా చెప్పిస్తే. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నియమాల ప్రకారం ఇది నియంత్రణ లేని, ఎక్కువ రిస్క్ ఉన్న వ్యవహారమని, నష్టం వస్తే చెప్పుకోవడానికి దిక్కు లేకపోవచ్చని హెచ్చరిక పెట్టాలి. వీడియో చివర ఆటో ఎక్కే తొందరలో ఉన్నట్టు గబగబా చదివేస్తే ఎలా? ఇచ్చిన మొత్తం ఎంతో కూడా మీరే బయటపెడితే ఇంకా మంచిది. టోకెన్లు ఇచ్చి ఉంటే వాటికీ తాళం వేయండి.

టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపులు ఎలా నడపాలి?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మూసేసిన ప్రాజెక్టులో, లాంచ్ అయిన రెండో వారం ఒకాయన గ్రూప్‌లో రోజూ ఒకటే ప్రశ్న వేసేవాడు: "మార్కెటింగ్ వాలెట్ నుంచి వెళ్ళిన టోకెన్లు ఎవరికి వెళ్ళాయి?" భాష కొంచెం దురుసుగా ఉండేది. నేను మ్యూట్ చేశాను. వాతావరణం పాడవుతోందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ టోకెన్లు ఒక డిజైనర్‌కి ఫీజు కింద వెళ్ళాయి, దాచాల్సిందేమీ లేదు. కానీ మ్యూట్ చేసిన స్క్రీన్‌షాట్ సాయంత్రానికి పది గ్రూపుల్లో తిరిగింది. "అడిగితే నోరు నొక్కేస్తున్నారు" అన్న ముద్ర పడిపోయింది. మర్నాడు మేం లెక్క మొత్తం పెట్టినా ఎవరూ చదవలేదు. ఆయన మాత్రం చదివి, "ఇదేదో మొన్ననే చెప్తే అయిపోయేది కదన్నా" అన్నాడు.

బూతులు, ఫిషింగ్ లింకులు, కులం మతం గొడవలు తీసెయ్యండి. డబ్బు గురించిన ప్రశ్న ఎంత చేదుగా ఉన్నా ఉంచండి, జవాబివ్వండి. జవాబు తెలియకపోతే "శుక్రవారం లోపు చెప్తాం" అని శుక్రవారం చెప్పండి. "టు ద మూన్" (రేటు ఆకాశానికి) అని ఊదరగొట్టే బ్యాచ్‌ని అడ్మిన్లుగా పెట్టుకోకండి.

ఇంకొకటి, అడ్మిన్లు ఎవరికీ ముందుగా మెసేజ్ పెట్టరని గ్రూప్ పైన పిన్ చేయండి. మీ ఫోటో, మీ పేరు పెట్టుకుని "మీ వాలెట్ వెరిఫై చేయాలి, పన్నెండు పదాలు పంపండి" అనేవాళ్ళు మొదటి వారంలోనే దిగిపోతారు. ఆ పదాలే వాలెట్ రహస్య తాళం. తెలుగులో, అదీ మన యాసలో మాట్లాడతారు, అందుకే జనం మోసపోతారు. ఎవరికైనా అలా డబ్బు పోతే మీ తప్పు కాకపోయినా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ట్రాన్సాక్షన్ వివరాలు మీరే తీసిపెట్టి ఇవ్వండి.

బంధువులు, పాత ఆఫీసు ఫ్రెండ్స్ పెట్టుబడి పెడతామంటున్నారు. తీసుకోవచ్చా?

పెద్దనాన్న రిటైర్మెంట్ డబ్బు మాత్రం తీసుకోకండి. ఆయన టోకెన్‌ని చూసి ఇవ్వడం లేదు, మిమ్మల్ని చూసి ఇస్తున్నారు. ధర పడితే సంక్రాంతికి ఊరు వెళ్ళలేరు. వెళ్ళాలంటే ఆయనకి లోపల్లోపల ఏదో సర్దుబాటు చేయాలి. ఆ సర్దుబాటు ట్రెజరీ నుంచి చేసిన రోజున మిగతా అందరినీ మోసం చేసినట్టే. సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ అయితే బయటివాళ్ళకి ఇచ్చిన రేటుకే, అవే తాళాలతో తీసుకోండి.

ధర పడిపోతే ఏం చెప్పాలి?

ధర గురించి ఏమీ చెప్పకండి. ఆ వారం ఏం పని చేశారో చెప్పండి. "హోల్డ్ చేయండి" అనే హక్కు మీకు లేదు.

పన్ను సంగతి మేం చెప్పాలా?

ఒక పేరా రాస్తే చాలు. లాభం మీద 30 శాతం, దానిపై సెస్. పరిమితి దాటిన లావాదేవీల్లో 1 శాతం టీడీఎస్. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో టోకెన్ లాభంలో తగ్గించుకోలేరు. ఈ ఆఖరిది చాలామందికి తెలియదు, మార్చి నెలలో తెలిసి మీ మీద పడతారు. ఎయిర్‌డ్రాప్ (ఉచితంగా పంచిన టోకెన్లు) తీసుకున్నవాళ్ళని సీఏ దగ్గరికి వెళ్ళమనండి.

హ్యాక్ జరిగితే?

మొదటి గంటలోనే చెప్పాలి. అప్పటికి తెలిసింది రెండు ముక్కలే అయినా సరే: ఏం ఆపేశాం, మీరు ఏం చేయకూడదు. "మెయింటెనెన్స్ జరుగుతోంది" అన్న అబద్ధం ఒక్కసారి చెబితే తర్వాత చెప్పే నిజాలు కూడా చెల్లవు. చెయిన్ మీద డబ్బు వెళ్ళడం మీకన్నా ముందు బయటివాళ్ళే చూస్తారు. 2024 జులై 18న మన దేశపు క్రిప్టో ఎక్స్‌ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయాయి, అదీ మల్టీసిగ్ వాలెట్ నుంచే. అక్కడ క్రిప్టో విత్‌డ్రాలు ఏడాదికి పైగా ఆగిపోయాయి. పోయిన డబ్బు ఒక బాధ, ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూడటం ఇంకో బాధ.

నష్టం ఎవరు భరించాలన్నది లాంచ్‌కి ముందే రాసి పెట్టుకోండి. 2016లో ఈథీరియమ్ చెయిన్ మీద నడిచిన ది డీఏఓ అనే ఉమ్మడి పెట్టుబడి నిధి నుంచి 36 లక్షల ఈథర్ (ఆ చెయిన్ కాయిన్) పోయినప్పుడు చెయిన్‌నే వెనక్కి మార్చాలా వద్దా అని వారాల తరబడి వాదించుకుని, జులైలో మార్చారు. ఒప్పుకోనివాళ్ళు పాత చెయిన్‌నే పట్టుకుని ఈథీరియమ్ క్లాసిక్‌గా విడిపోయారు. ఇల్లు కాలుతున్నప్పుడు కూర్చుని తేల్చుకునే ప్రశ్న కాదది.

ప్రాజెక్టు ఆపేయాల్సి వస్తే?

మేం ఆపేశాం. ఆపేస్తున్నామని మూడు నెలల ముందు చెప్పాం. ట్రెజరీలో మిగిలింది ఎంతో చూపించి, టోకెన్లు ఉన్నవాళ్ళకి వాటా ప్రకారం పంచాం. టీమ్ టోకెన్లకి వాటా తీసుకోలేదు. కొందరు తిట్టారు. పెట్టిన దాంట్లో మూడో వంతు కూడా వెనక్కి రాలేదు మరి. కోడ్ అందరికీ తెరిచి పెట్టాం, గ్రూప్‌ని మాత్రం మూసేయలేదు, మెసేజ్‌లు ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఒక్కటి మర్చిపోయాం. డొమైన్ రెన్యూ చేయలేదు. ఏడాది తిరిగేసరికి ఎవరో దాన్ని కొని, మా లోగోనే పెట్టి, "పాత టోకెన్లు కొత్తవాటిగా మార్చుకోండి, వాలెట్ కనెక్ట్ చేయండి" అని పేజీ పెట్టారు. గ్రూప్ తెరిచే ఉంది కాబట్టి అక్కడ హెచ్చరిక పెట్టగలిగాం. అప్పటికే ఇద్దరు కనెక్ట్ చేసేశారు. మీరు డొమైన్‌కి ఐదేళ్ళ డబ్బు ముందే కట్టెయ్యండి.